నిమ్మకాయ కట్టే చోటు

గుంటూరు ఆటోనగర్‌లో ముందు చప్పుడు వస్తుంది, తర్వాత బండి వస్తుంది. చప్పుడు విని బండి జబ్బు చెప్పేవాళ్లు వీధికి నలుగురైనా ఉంటారు. జూన్ చివర్లో ఒక మంగళవారం పొద్దున వచ్చిన చప్పుడుకి మాత్రం టీ తాగుతున్నవాళ్లంతా గ్లాసులు దించి మరీ చూశారు. నేలకి జానెడు ఎత్తున్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి, మలుపు తిరిగినప్పుడల్లా మూలుగుతూ, గ్రానైట్ లారీల మధ్య దారి వెతుక్కుంటూ వచ్చి 'జాన్ బాషా స్టీరింగ్ వర్క్స్' ముందు ఆగింది.

ఆగింది అనడం మర్యాద కోసం. నడుపుతున్న అబ్బాయి సీట్లోంచి సగం లేచి, స్టీరింగ్‌ని రెండు చేతులా లాగి, మురిక్కాలవ అంచున ఎలాగో ఆపుకున్నాడు. తర్వాత దిగి, చొక్కా సర్దుకుని, ఎవరూ చూడనట్టే మొహం పెట్టాడు. అందరూ చూశారు.

అతని పేరు అన్వర్. మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో సరుకు నాణ్యత చూస్తాడు. కాయ విరిచి వాసన చూస్తే అది ఏ రకమో, ఏ ఏటి పంటో చెప్పేయగలడు. కారు కొత్తది కాదు. చీమకుర్తిలో క్వారీ ఓనరు కొడుకొకడు మోజు తీరాక అమ్మేస్తే, అన్వర్ దాచుకున్నదంతా పెట్టి కొనుక్కున్నాడు. ఇద్దరు మాత్రమే పట్టే కారు ఏం చేసుకుంటావురా అని చుట్టాలంతా అడిగారు. చిన్నప్పుడు పుస్తకాల అట్టల మీద అంటించుకున్న బొమ్మ అది, అంతకంటే కారణం లేదు.

షాపులో ఒక లారీ కింద రెండు కాళ్లు కనిపించాయి. అన్వర్ వాటితోనే మాట్లాడాడు.

"మేస్త్రీగారున్నారాండీ?"

కాళ్లు ముందుకి జరిగాయి. వాటి వెనక ఆయిల్ మరకల నీలం కోటు, బిగించి కట్టిన చున్నీ, చివరికి ఒక అమ్మాయి మొహం బయటికొచ్చాయి. బుగ్గ మీద గ్రీజు ఉంది. అది తుడుచుకోవాలన్న ఆలోచన ఆ అమ్మాయికి ఉన్నట్టు లేదు.

"మేస్త్రీగారు టీకి వెళ్లారు. ఎన్నాళ్ల నుంచి కారుతోంది?" అంది.

కారడం లేదని, తిరగడం లేదని అన్వర్ చెప్పాడు. ఆ అమ్మాయి కారు ముందు కూర్చుని, చెయ్యి కిందికి పెట్టి, ఎర్రగా తడిసిన వేలు చూపించింది. మరి ఇదేంటని అడిగితే, మిరప పొడి అన్నాడు అన్వర్, చాలా నమ్మకంగా.

ఆ అమ్మాయి వేలుని ఒక తెల్ల కాగితానికి అద్దింది. మరక గుండ్రంగా పాకింది.

"మిరప పొడి ఇలా పాకుతుందాండీ?"

అన్వర్ మొహం కారు రంగుకి వచ్చింది. తప్పంతా అతనిదీ కాదు. యార్డు దగ్గర నేల ఎర్రగా ఉంటుంది, గోడలు ఎర్రగా ఉంటాయి, అక్కడ పడుకునే కుక్క కూడా ఎర్రగానే ఉంటుంది. పవర్ స్టీరింగ్ ఆయిలూ ఎరుపే. ఆర్నెల్లుగా కారు కింద చుక్కలు పడుతుంటే అవి మిరపకాయల మరకలనుకుని రోజూ వాటిని దాటుకుంటూ తిరిగాడు. గుంటూరువాడు తప్ప ఇంకొకడు చేయలేని పొరపాటు ఇది.

ఈలోగా జాన్ బాషా వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. లారీ స్టీరింగులు బాగుచేయడంలో ఆయన పేరు ఒంగోలు దాకా తెలుసు. రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు సగమే నింపించుకుంటున్నాడు. ఆ సంగతి మాత్రం ఆటోనగర్ దాటలేదు.

కారుతున్నది స్టీరింగ్ రాక్ అని ఆయనా తేల్చాడు. చక్రాలని అటూ ఇటూ జరిపే పొడవాటి గొట్టం అది. లోపల కడ్డీ ఉంటుంది, ఆయిల్ ఒత్తిడి దాన్ని నెడుతుంది, అందుకే స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది. అంతకుముందు చూసిన రెండు షాపులవాళ్లు రాక్ మొత్తం మార్చాలన్నారని, కొత్తది పైదేశం నుంచి రావడానికి రెండు నెలలు పడుతుందన్నారని అన్వర్ చెప్పాడు.

"మార్చక్కర్లేదు నాన్నా. విప్పి సీళ్లు వేస్తాను," అంది ఆ అమ్మాయి. ఆమె సిద్దికా, జాన్ బాషా ఒక్కగానొక్క కూతురు. మెకానికల్ డిప్లొమా చదివి నాలుగేళ్లుగా షాపులోనే ఉంది. ఈ రెండేళ్లలో అక్కడ బిగించిన ప్రతి బోల్టూ ఆమె బిగించిందే. డ్రైవర్లకి మాత్రం తండ్రి బిగించాడని చెప్పేవారు.

జాన్ బాషా చాలాసేపు కారునే చూశాడు. పక్కనున్న టైర్ల వ్యాపారి గోడౌన్ కోసం ఆ షాపు లీజుకి అడుగుతున్నాడు. ఈయన సగం ఒప్పుకున్నాడు కూడా. వద్దు నాన్నా, నేను నడుపుతానని సిద్దికా ఏడాదిగా పోరుతోంది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆ భయమేదో ఆ రోజు కొత్త మనిషి ముందే బయటపెట్టేశాడు.

"నా బిగింపు తిరిగొస్తే జాన్ బాషాకి వయసైపోయిందంటారు. నీ బిగింపు తిరిగొస్తే ఆడపిల్ల కదా అంటారు. ఆ మాట పడగలవా?"

"తిరిగి రాదు."

"సరే. ఈ కారు నువ్వే విప్పు, నువ్వే బిగించు. నేను చెయ్యి పెట్టను. నలభై రోజుల్లో తిరిగి రాకపోతే షాపు నీది. వస్తే తాళాలు టైర్లాయనకి ఇచ్చేస్తాను."

బాగుచేయించుకుని వెళ్లిపోదామని వచ్చిన అన్వర్ అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తన కారుకి అంత విలువ ఎవరైనా కట్టడం అదే మొదటిసారి.

మర్నాడు సిద్దికా రాక్ దించింది. రాక్ చివర కడ్డీ మీద ముడతలు ముడతలుగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది, లోపలికి దుమ్ము పోకుండా. అది ఒక పక్క కోసుకుపోయి ఉంది. చూద్దామని దాన్ని వేళ్లతో విప్పదీసింది. ఆర్నెల్ల మిరప ధూళి ఒక్కసారి మొహం మీదికి లేచింది. సిద్దికా తుమ్మింది. అన్వర్ తుమ్మాడు. పదకొండు తుమ్ములు లెక్కపెట్టి పన్నెండోది జాన్ బాషా తుమ్మాడు. కళ్లనిండా నీళ్లతో ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ నవ్వేశారు. జాన్ బాషా ఇంకా తుమ్ముతూనే ఉన్నాడు కాబట్టి చూడలేదు.

నవ్వు అయ్యాక సిద్దికా ఆ తొడుగు సందులోంచి తుప్పుపట్టిన ఇనుపతీగ ముక్క ఒకటి లాగింది. దానికి ఎండిపోయిన నిమ్మకాయ చెక్క, రెండు మిరప తొడిమలు అతుక్కుని ఉన్నాయి.

"రబ్బరు కోసింది ఈ తీగే. అందులోంచి దుమ్మూ నీళ్లూ పోయి కడ్డీకి గీత పడింది, ఆ గీత ఆయిల్ ఆపే రబ్బరు సీల్‌ని కొరికేసింది. ఇక్కడ దిష్టికాయ కట్టిందెవరండీ?"

ఎవరో అన్వర్‌కి వెంటనే తెలిసిపోయింది. నాయనమ్మ ఖాదర్‌బీ. అన్వర్ అమ్మానాన్నలు పెదనందిపాడు దగ్గర పత్తీ మిరపా వేసుకుంటూ ఊళ్లో ఉంటారు. ఆనందపేట ఇంట్లో అతనికి అన్నం పెట్టి, అతని మీద ఈగ వాలకుండా చూసేది నాయనమ్మే. మనవడి ఎర్రకారుని ఊరంతా కళ్లప్పగించి చూస్తోందని ఆవిడ దిగులు. ప్రతి శుక్రవారం కొత్త నిమ్మకాయా ఏడు మిరపకాయలూ గుచ్చి కడుతుంది. నున్నటి ఆ కారు ముందు భాగంలో కట్టడానికి ఎక్కడా చోటు లేక, తిరిగి ఉన్న చక్రం వెనక చేతికందిన రబ్బరుకి కట్టింది. దారం తెగుతోందని తీగతో కట్టింది.

అన్వర్ నసుగుతూ నిజం చెప్పాడు. సిద్దికాకి కోపం రాలేదు. ఆవిడకి ఇంక ఇక్కడ కట్టొద్దని చెప్పమంది, అంతే. చెప్తానని అన్వర్ మాటిచ్చాడు.

ఆ సాయంత్రం ఇంటికెళితే నాయనమ్మ గడపలోనే ఎదురొచ్చి, కారుకి ఏమైందిరా అని అడిగింది. ఆవిడ చేతిలో శుక్రవారానికని ఏరిపెట్టిన నిమ్మకాయలున్నాయి. అన్వర్ ఆ నిమ్మకాయల్ని చూశాడు, ఆవిడ మొహం చూశాడు.

"రాయి తగిలిందంట నాయనమ్మా," అన్నాడు.

చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేదనుకున్నాడు.

అసలు చిక్కు కడ్డీ మీది గీతతో వచ్చింది. గీత ఉన్న కడ్డీకి కొత్త సీల్ వేస్తే అదీ వారంలో పోతుంది. చీమకుర్తిలో గ్రానైట్ కోసే యంత్రాల కడ్డీలకి క్రోమ్ పూత వేసి నునుపు చేసే షాపు ఉందని, అక్కడ దగ్గరుండి చేయిస్తానని సిద్దికా అంది. తన కారు కడ్డీ కాబట్టి తనూ వస్తానన్నాడు అన్వర్. కూతురు కాబట్టి తనూ వస్తానంది సిద్దికా తల్లి ఖైరున్నీసా.

ఒంగోలు బస్సులో ముగ్గురి సీటు దొరికింది. ఖైరున్నీసా మధ్యలో కూర్చుంది. పాతచీరలో చుట్టిన కడ్డీ అన్వర్ ఒళ్లో ఉంది, పురిటి బిడ్డలాగా. దారి పొడుగునా అతను సిద్దికాతో అన్నవన్నీ ఖైరున్నీసా మీదుగానే వెళ్లాయి. సగం మాటలకి జవాబు ఆవిడే చెప్పింది.

చీమకుర్తిలో కడ్డీ షాపువాడికి ఇచ్చాక వాన మొదలైంది. రేకుల షెడ్డు కింద ముగ్గురూ స్టూళ్ల మీద కూర్చున్నారు. ఎదురుగా నల్లరాళ్లు వానకి తడిసి అద్దాల్లా మెరుస్తున్నాయి. ఖైరున్నీసా గిన్నె విప్పి అన్నంలోకి పండుమిరప పచ్చడి వేసింది. అన్వర్ ఒక ముద్ద తిని ఆగాడు.

"ఇది ఈ ఏటి కాయ కాదు కదమ్మా."

ఖైరున్నీసా ముద్ద గిన్నెలో పెట్టేసింది. స్వయంగా యార్డు పక్కన కొన్నానని, ఫిబ్రవరిలోనే పెట్టానని చెప్పింది. అన్వర్ మొహమాటపడుతూనే ఇంకోసారి రుచి చూసి, పోయినేటి కాయే అన్నాడు. ఆవిడ గిన్నెలోకి తొంగిచూసింది. తర్వాత, పోయినేటి జాడీలో అడుగున మిగిలింది దీంట్లో కలిపానని మెల్లగా ఒప్పుకుంది. సిద్దికా వానచప్పుడు మించిపోయేలా నవ్వింది.

"మీరు మొహమాటానికి కూడా అబద్ధం చెప్పరన్నమాట," అంది.

అన్వర్ తలొంచుకుని కలిపిన ముద్దే మళ్లీ కలిపాడు. రాయి సంగతి అప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేదు. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లల్లో కనిపించింది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

మాట మార్చడానికి, ఇన్ని పనులుండగా స్టీరింగే ఎందుకు నేర్చుకున్నారని అడిగాడు. సిద్దికా వానని చూస్తూ చెప్పింది.

"ఇంజను పోతే బండి ఆగుతుంది, అంతే. స్టీరింగ్ పోతే మనిషి పోతాడు. నేనెవరో కూడా తెలియని డ్రైవరు నా బిగింపుని నమ్మి పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తాడు. అలా నమ్మించుకోవడం నాకు ఇష్టం. ఆ షాపు పోతే నాకు ఉద్యోగం దొరక్కపోదు. ఆ నమ్మకం దొరకదు."

ప్రేమ ఎక్కడ పుడుతుందో చెప్పలేం అంటారు గానీ, ఇక్కడ స్పష్టంగా చెప్పొచ్చు. చీమకుర్తిలో, రేకుల షెడ్డు కింద, ఖైరున్నీసాకి అటుపక్క, అన్వర్ కూర్చున్న వైపు పుట్టింది. ఇటుపక్క, సిద్దికా వైపు పుట్టిందో లేదో ఖైరున్నీసాకి కూడా తెలియలేదు. అయితే ఆవిడ ఇంకో ముద్ద కలిపి ముందు అన్వర్‌కే పెట్టింది.

నాలుగు రోజుల్లో కారు సిద్ధమైంది. జాన్ బాషా షాపులో ఒక పద్ధతి ఉంది. పని అయ్యాక పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, తెల్లవైపు పైకి ఉండేలా బండి కింద పరుస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బండి దాని మీదే ఉంటుంది. ఒక్క చుక్కా పడకపోతే ఆ కాగితం మీద తారీఖూ బండి నంబరూ వేసి, కింద 'మళ్లీ రావలసిన పని లేదు' అని రాసి, సంతకం పెట్టి ఇస్తారు. డ్రైవర్లు దాన్ని మడిచి క్యాబిన్లో దేవుడి పటం వెనక దాచుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్లలో తిరిగొచ్చినవి మూడే బండ్లు. వాటి నంబర్లు జాన్ బాషాకి నిద్రలో లేపినా గుర్తే.

ఎర్రకారు కింద కాగితం తెల్లగానే ఉంది. అయినా ఆయన దాని మీద ఏమీ రాయలేదు. నలభై రోజులయ్యాక రాద్దాం అన్నాడు. కారు తోలి చూడ్డానికి మాత్రం అన్వర్ పక్కన ఆయనే ఎక్కాడు, సీట్లు రెండే కాబట్టి. తిరిగొచ్చి, స్టీరింగ్ వెన్నలా ఉందని భార్యతో చెప్పాడు, కూతురికి వినపడకుండా. కూతురు విన్నది.

అక్కడి నుంచి అన్వర్ కష్టాలు మొదలయ్యాయి. సిద్దికాని చూడాలంటే షాపుకి వెళ్లాలి. కారుతో వెళితే, బండి తిరిగొచ్చిందని ఆటోనగర్ అంతా అనుకుంటుంది. అందుకని కారు ఇంటి దగ్గర పెట్టి ఆటోలో వెళ్లేవాడు. ఒకరోజు ఖైరున్నీసాకి ఈ ఏటి కాయలు రెండు కిలోలు తెచ్చానన్నాడు. ఇంకోరోజు ఆ సంచీ తిరిగి తీసుకెళ్లడానికి వచ్చానన్నాడు. మూడోసారి బ్రాడీపేటలో పనుండి ఇటు వచ్చానన్నాడు. బ్రాడీపేటకీ ఆటోనగర్‌కీ దారి ఎలా కలుస్తుందో చెప్పమని సిద్దికా అడిగితే, ఆటోవాడు తప్పు దారిలో తీసుకొచ్చాడన్నాడు.

"తప్పు దారిలో వచ్చి మా షాపు ముందే దించాడా?"

"మంచివాడండీ."

ఇంటి దగ్గర మాత్రం అతను రోజూ రాత్రి కారు పెట్టగానే దాని కింద క్యాలెండర్ కాగితం పరిచేవాడు, పొద్దున తీసి చూసేవాడు. తెల్లకాగితాలు ఒక దొంతరగా పేరాయి. రోజుకొకటి చొప్పున సిద్దికాకి ఫోన్లో ఫొటో పంపేవాడు. అటునుంచి ఒక టిక్ మార్కు వచ్చేది. ఇరవయ్యో రోజు నుంచి టిక్ మార్కు పక్కన చిన్న నవ్వు కూడా రావడం మొదలైంది.

ముప్ఫై ఒకటో రోజు కాగితం మీద మూడు ఎర్ర చుక్కలున్నాయి.

అన్వర్ ఆ చుక్కల ముందు గొంతుకూర్చున్నాడు. మిరప పొడేమోనని వేలితో రాశాడు. పాకింది. జీవితంలో మొదటిసారి అది మిరప పొడి అయితే బాగుండునని కోరుకున్నాడు. ఏ మంగళగిరో తీసుకెళ్లి ఎవరితోనైనా గుట్టుగా బాగుచేయించొచ్చు, తొమ్మిది రోజులు కారు బయటికి తీయకుండా ఉండొచ్చు. షాపు ఆమెకే దక్కుతుంది. ఎవరికీ తెలియదు. కానీ ఫొటో పంపే వేళయింది. తెల్లకాగితం ఫొటో పాతది ఒకటి పంపబోయి, రేకుల షెడ్డు కింద ఆమె అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. ఫొటో బదులు ఫోన్ చేశాడు.

మూడు చుక్కల సంగతి చెప్పాడు. బయటికి తీయకుండా ఉండనా అని అతనే అడిగాడు.

"కారుతున్న స్టీరింగ్‌తో ఉన్న బండిని దాచమని నేను చెప్పనండీ. మెల్లగా తీసుకురండి," అంది సిద్దికా. గొంతు బాగానే ఉంది. ఫోన్ మాత్రం వెంటనే పెట్టేసింది.

ఎర్రకారు ఆటోనగర్‌లోకి రావడం అందరూ చూశారు. టైర్ల వ్యాపారి కూడా తన షాపు మెట్ల మీదికొచ్చి చూశాడు. జాన్ బాషా జేబులో తాళాల గుత్తి తడుముకున్నాడు. సిద్దికా కారుని పైకి లేపి కిందికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత లోపలి నుంచే తండ్రిని పిలిచింది.

జాన్ బాషా మోకాళ్ల మీద వంగి చూశాడు. ఆమె వేసిన సీళ్ల దగ్గర పొడిగా ఉంది. వేలు పెట్టి రాస్తే దుమ్ము తప్ప తడి తగల్లేదు. కారుతున్నది దాని పక్కన ఆయిల్ పైపు జాయింటు. ఆ పైపునీ, చక్రంతోపాటు కదిలే కడ్డీనీ కలిపి ఎవరో ఇనుపతీగతో కట్టారు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా కడ్డీ పైపుని లాగి లాగి జాయింటు వదులు చేసింది. తీగకి ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతున్నాయి. ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

సిద్దికా తీగ కత్తిరించి, నిమ్మకాయతో సహా తెచ్చి అన్వర్ ముందు పెట్టింది.

"మీ నాయనమ్మగారికి చెప్పారా?"

"చెప్పలేదు."

"ఏం చెప్పారు?"

"రాయి తగిలిందని. ఆవిడ ప్రేమగా కట్టింది. అదే కారుని పాడుచేసిందంటే బాధపడుతుందని..."

"నేను బాధపడితే ఫరవాలేదా?"

సిద్దికా గొంతు పెద్దది చేయలేదు. కళ్లు మాత్రం నిండాయి, ఈసారి మిరప ధూళి లేకుండానే.

"మీరు మొహమాటానికి అబద్ధం చెప్పరనుకున్నాను. నా షాపు మీ మొహమాటం మీద ఉందని నాకు తెలియదు," అంది.

అన్వర్ జాన్ బాషా వైపు తిరిగాడు. వీధిలో అందరూ వింటుండగానే, తప్పు తనదేనని, అమ్మాయి బిగింపులో లోపం లేదని, మొదటిరోజే ఆమె హెచ్చరించినా తను ఇంట్లో అబద్ధం చెప్పానని ఒక్కొక్కటే చెప్పాడు. టైర్ల వ్యాపారికి వినపడిందో లేదోనని ఆ ముక్క ఇంకోసారి కూడా చెప్పాడు. చెప్పి, ఆటో కూడా ఎక్కకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

జాన్ బాషా పైపు జాయింటు దగ్గర ఇంకోసారి వంగి చూశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, లెక్క ముప్ఫై ఒకటి దగ్గర ఆగలేదని, రేపు ముప్ఫై రెండని అన్నాడు. సిద్దికా తలూపి, ఆ జాయింటు మళ్లీ బిగించింది. షాపు నిలిచిందన్న సంతోషం మనసులో ఒక పక్కే వెలిగింది, రెండో పక్క వెలగలేదు.

అన్వర్ ఇంటికెళ్లి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. తీగ, రబ్బరు, రాయి, షాపు, నలభై రోజులు. ఆవిడ విని, ముక్కుపుడక సర్దుకుంది.

"నేను కట్టింది తప్పు చోటని నాకు చెప్తే, చోటు మార్చుకునేదాన్ని కదరా. నేను అంత తెలివితక్కువదానిలా కనపడ్డానా నీకు?" అంది.

తర్వాత ఆ అమ్మాయి గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. ఈసారి కారు సంగతి వదిలేయమంది.

మర్నాడు పొద్దున ఆటోలో ఖాదర్‌బీ దిగింది. చేతిసంచీలో నిమ్మకాయలున్నాయి, మిరపకాయలున్నాయి. వెనకాల అన్వర్ తలొంచుకుని దిగాడు. ఆవిడ సలాం చెప్పి, జాన్ బాషానీ ఖైరున్నీసానీ దాటుకుని, నేరుగా నీలం కోటు దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదేనమ్మా. కట్టడం మానలేను, మనసొప్పదు. ఎక్కడ కట్టాలో నువ్వే చూపించు."

సిద్దికా ఆవిడ చెయ్యి పట్టుకుని కారు ముందుకి తీసుకెళ్లింది. నంబరు ప్లేటు కింద, ఏ పైపుకీ ఏ కడ్డీకీ తగలని చోట, అంగుళం పొడవున్న చిన్న ఇనుప కొక్కెం ఒకటి మెరుస్తోంది. అంచులు వేలికి గుచ్చుకోకుండా నునుపుగా రాసి ఉంది. ఆ పొద్దున్నే షాపు తెరిచీ తెరవగానే చేసి బిగించింది.

"ఇక్కడ కట్టండి నాయనమ్మా. చక్రం వెనక తడమక్కర్లేదు, తీగా అక్కర్లేదు. తగిలిస్తే చాలు."

ఖాదర్‌బీ ఆ కొక్కెం మీద వేలితో రెండుసార్లు రాసింది. నేను వస్తానని నీకెలా తెలుసని అడిగింది.

"తెలియదండీ. ఆయన చెప్పినా చెప్పకపోయినా మీరు కడతారు కదా. అందుకని చేశాను."

కోపంలో ఉండి కూడా తన కోసం చోటు ఆలోచించిన పిల్ల అది. ఖాదర్‌బీ నిమ్మకాయ తగిలించి, అటు తిరిగి ఖైరున్నీసాతో, మీ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అని అడిగేసింది. అన్వర్ భూమిలోకి వెళ్లడానికి దారి వెతుక్కున్నాడు. ఖైరున్నీసా, ఆ అబ్బాయి పోయినేటి కాయని నోట్లో పెట్టుకుని చెప్పగలడని, కానీ ఇంట్లో నిజం చెప్పడానికి ముప్ఫై రోజులు పట్టిందని అంది. అది వద్దనడం కాదని అక్కడున్నవాళ్లందరికీ తెలిసింది. సిద్దికా మాత్రం స్పానర్ తుడుస్తూ, ఇంకా ఎనిమిది రోజులున్నాయి కదా అంది.

ఆ ఎనిమిది రోజులూ అన్వర్ ఫొటోలు పంపాడు. కారు కింద తెల్లకాగితం, కొక్కేనికి నిమ్మకాయ. ప్రతి ఫొటో కింద ఒక నిజం కూడా రాసేవాడు. ఆటోవాడు దారి తప్పలేదు, నేనే రమ్మన్నాను. సంచీ మరిచిపోలేదు, కావాలనే వదిలాను. చీమకుర్తి బస్సులో మీ అమ్మగారు మధ్యలో కూర్చున్నందుకు రెండు రోజులు బాధపడ్డాను. మొదటిరోజు టిక్ మార్కు వచ్చింది. నాలుగోరోజు నవ్వు వచ్చింది. ఎనిమిదో రోజు, నా కారుకన్నా మీరంటేనే ఇష్టం అని రాయబోయి, అది చుట్టుతిరుగుడుగా తోచి, 'మీరంటే నాకు చాలా ఇష్టం' అని తిన్నగా రాశాడు. దానికి ఏ గుర్తూ రాలేదు.

నలభయ్యో రోజు కారు షాపు ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్యాలెండర్ కాగితం మీద నిలబడింది. సాయంత్రం వాన పట్టేలా ఉంది. జాన్ బాషా కాగితం లాగి, ముందూ వెనకా చూశాడు. తెల్లగా ఉంది. జేబులో పెన్ను తీసి, వణికే చేత్తోనే కూతురికి అందించాడు. టైర్ల ఆయనకి కబురు పంపేశానని, షట్టర్ మీద పేరు రాసేవాణ్ణి సోమవారం రమ్మన్నానని చెప్పి, కళ్లు తుడుచుకోవడానికి లోపలికి వెళ్లాడు.

సిద్దికా బానెట్ మీద కాగితం పెట్టి తారీఖు వేసింది, నంబరు వేసింది, కింద తండ్రి రాసే మాటే రాసింది. మొదటిసారి తన సంతకం పెట్టింది. అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి.

అన్వర్ కాగితం అందుకుని చదివాడు. 'మళ్లీ రావలసిన పని లేదు.' అతని మొహం వాడిపోయింది. మంచిదండీ అని, మడవబోయాడు.

సిద్దికా కారు తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చుంది. తను బిగించిన బండిని తను నడిపి చూసే వంతు ఇంతవరకు రాలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. షాపు గుమ్మంలో నిలబడ్డ ఖైరున్నీసా ఆ రెండు సీట్లనీ ఒకసారి చూసింది, మధ్యలో తను పట్టదని చూసుకుంది, లోపల పాలు పొంగుతున్నాయేమోనని వెళ్లిపోయింది. షాపులో పొయ్యి లేదు.

"ఎక్కండి," అంది సిద్దికా. "అది బండికి రాశాను. మీకు కాదు."